ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య

కొల్లేటి సరస్సు నడుమనున్న లంకగ్రామములవారికి ఇల్లు విడిచిపోవుట యనిన ఎట్టిదో తెలియును. బుడమేరు, తమ్మిలేరు పొంగి సరస్సున పడినపుడు, ఆ నీరు ఉప్పుటేరు గుండ సముద్రమునకు వేగముగా పోజాలక ఇండ్లలోనికి వచ్చును. అపుడు లంకలవారు పసిబిడ్డలను, పశువులను, వంటపాత్రలను పడవల కెక్కించుకొని మిట్టప్రాంతములకు పోవుదురు. ఏ పట్టణపు బడిలోనో, సత్రములోనో తలదాచుకొందురు. నీరు తీసిన పిమ్మట మరల తమ ఊళ్ళకు చేరుకొందురు. ఇది ప్రకృతి తరిమినందున ఇల్లు విడుచుట.

కాని ఏ వరదయు రాకుండ, ఏ శత్రుసేనయు దండెత్తకుండ, ఒక పట్టణములోని ప్రజలు తమంత తాము ఇండ్లు విడిచి, ఊరి పొలిమేర దాటి, పాకలు వేసికొని పదునొకండు నెలలు కాపురముండిన సంఘటన మన ఆంధ్రదేశముననే జరిగినది. తాడేపల్లిగూడెమున రైలెక్కి, ఏలూరు మీదుగా విజయవాడ చేరి, అచ్చటినుండి మద్రాసు వైపు పోవునపుడు తెనాలి, బాపట్ల దాటిన పిదప చీరాల వచ్చును. దాని ప్రక్కనే పేరాల. ఆ జంటగ్రామముల ప్రజలే ఆ సాహసము చేసిరి. వారిని నడిపిన నాయకుడు రాజకీయవేత్త మాత్రమే కాదు. గాయకుడు, నాట్యశాస్త్రము నెరిగిన పండితుడు, పల్లె కళల నారాధించిన రసికుడు. ఆయనయే దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు.

గోపాలకృష్ణయ్యగారు 1889వ సంవత్సరము జూన్ 2వ తేదీన కృష్ణాజిల్లా పెనుగంచిప్రోలు గ్రామమున జన్మించిరి. మునేటి యొడ్డున నున్న ఆ యూరు తిరుపతమ్మ తిరునాళ్ళకు ప్రసిద్ధి కెక్కినది. పసితనముననే ఆయన తల్లిదండ్రులను గోల్పోయిరి. పినతండ్రియు, నాయనమ్మయు ఆయనను పెంచి పెద్దవానిని చేసిరి. గుంటూరులో ఉన్నత పాఠశాల చదువు సాగినది. చదువుకొను దినములలోనే ఆయనకు సంగీతముపైనను, నాటకములపైనను అమితమైన మక్కువ యుండెను. చక్కని కంఠము, చురుకైన మాట, అప్పటికప్పుడు పద్యము కట్టగల నేర్పు ఆయనకు పుట్టుకతోనే అబ్బినవి. ఆయన ఎక్కడ నుండిన నక్కడ నవ్వు లుండెడివని తోటివారు చెప్పుకొనెడివారు.

1911లో ఆయన తన మిత్రుడు నడింపల్లి నరసింహారావుగారితో కూడ ఓడ యెక్కి స్కాట్లాండు దేశమునకు పోయిరి. అచ్చటి ఎడింబరో విశ్వవిద్యాలయమున అర్థశాస్త్రము ముఖ్యవిషయముగా చదివి ఎం.ఏ. పట్టము పుచ్చుకొనిరి. పరదేశమున చదివినవారు పలువురు ఆ కాలమున తమ దేశపు ఆటపాటలను చిన్నచూపు చూచుచుండిరి. గోపాలకృష్ణయ్యగారి విషయమున దీనికి విరుద్ధముగా జరిగినది. దూరదేశమున నున్నపుడే ఆయనకు స్వదేశ కళల గొప్పదనము మరింత స్పష్టముగా గోచరించినది.

ఆ సమయముననే ఆయనకు ఆనంద కుమారస్వామిగారితో పరిచయము కలిగినది. కుమారస్వామిగారి తండ్రి సింహళమున స్థిరపడిన తమిళుడు, తల్లి ఆంగ్లవనిత. భారతీయ శిల్పమును, చిత్రలేఖనమును పాశ్చాత్యులకు తెలియజెప్పిన మహాపండితుడాయన. వీరిరువురును కలసి నందికేశ్వరుని అభినయదర్పణమను సంస్కృత గ్రంథమును ఆంగ్లమున ననువదించిరి. హస్తములు, చూపులు, మెడ కదలికలు భావము నెట్లు తెలుపునో వివరించు నాట్యశాస్త్ర గ్రంథమది. ఆ యనువాదమును అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయ ముద్రణాలయము 1917లో ప్రకటించినది. భారతీయ నృత్యమును గురించి పాశ్చాత్యలోకమునకు తెలిపిన తొలి గ్రంథములలో నదియొకటి. దాని ముఖపత్రముపై కుమారస్వామిగారి పేరుతోపాటు మన తెలుగువాని పేరును నిలిచియున్నది.

స్వదేశమునకు తిరిగివచ్చిన పిదప గోపాలకృష్ణయ్యగారు కొంతకాలము రాజమహేంద్రవరమునను, అటుపిమ్మట బందరులోని ఆంధ్ర జాతీయ కళాశాలయందును ఉపాధ్యాయులుగా పనిచేసిరి. ఆయన చదువునకు పెద్ద ఉద్యోగములు దొరకుట కష్టము కాదు. అయినను ఒకరి క్రింద నణగియుండుట ఆయన స్వభావము కాదు. ఉద్యోగమును విడిచి చీరాల చేరి, ప్రజల నడుమ నివసింప నిశ్చయించుకొనిరి.

చీరాలలో ఆయన ఆంధ్ర విద్యాపీఠ గోష్ఠి యను సంస్థను స్థాపించిరి. పండితులు కూర్చుండి తర్కించుకొనుటకు మాత్రమే యేర్పడిన గోష్ఠి కాదది. తోలుబొమ్మలాటవారు, వీధిభాగవతులు, జముకుల కథకులు, గొల్లకలాపమాడువారు మొదలగు జానపద కళాకారుల నాదరించి, వారి విద్యలను నలుగురి యెదుటికి తెచ్చుట దాని యుద్దేశములలో ముఖ్యమైనది. ఆ కాలమున పట్టణములలో చదువుకొన్నవారు ఈ యాటలను పామరుల వినోదములని తీసివేయుచుండిరి. నాట్యశాస్త్రమును హార్వర్డు వరకు కొనిపోయిన పండితుడు, వీధిలో తెరకట్టి బొమ్మలాడించు బీదవానిని కళాకారుడని గౌరవించుట పలువురికి వింతగా తోచియుండును. కాని గోపాలకృష్ణయ్యగారి దృష్టిలో శాస్త్రమును, వీధియాటయు ఒకే చెట్టు కొమ్మలు.

తోలుబొమ్మలాటనే యుదాహరణముగా తీసికొందము. కళాకారులు మేకతోలును శుభ్రపరచి, వెలుగు లోపలినుండి ప్రసరించునంత పలుచగా చేసి, రాముని, సీతను, రావణుని ఆకారముల కత్తిరింతురు. రంగులు వేసి, కాళ్ళు చేతులు కదలునట్లు దారముతో కుట్టుదురు. రాత్రివేళ తెల్లని తెరగట్టి, దాని వెనుక దీపములు వెలిగింతురు. బొమ్మ తెరకు తగిలినంతనే రంగులన్నియు మెరయును. ఆడించువారే పాడుదురు, మాటలాడుదురు, కాలితో చెక్కను తొక్కి యుద్ధపు చప్పుడు కల్పింతురు. నడుమ నడుమ కేతిగాడు, బంగారక్క వచ్చి నవ్వింతురు. తెల్లవారులు ఆట సాగును. అక్షరము రానివానికిని రామాయణమంతయు కన్నులకు గట్టినట్లగును.

మరియొక విశేషము కలదు. ఆంధ్రదేశమున తోలుబొమ్మల నాడించువారిలో పలువురు తమ యిండ్లలో మరాఠీ మాటలాడువారు. ఏనాటి కాలముననో మహారాష్ట్రమునుండి తరలివచ్చిన కుటుంబములవి. వారు తెలుగు నేర్చి, తెలుగు రామాయణమును పాడి, ఊరూర తెరగట్టి, తెలుగువారిలో తెలుగువారైరి. ఏలూరు తివాచీల నేతయు పారసీక దేశమునుండి వచ్చి స్థిరపడినవారు నేర్పినదే యని చెప్పుదురు. పొరుగునుండి వచ్చినవానిని ఊరివానితో కలుపుటకు కళకు మించిన వంతెన లేదు. ఈ సత్యమును గోపాలకృష్ణయ్యగారు బాగుగా నెరిగియుండిరి. అది యెంత యవసరమో త్వరలోనే తేలినది.

చీరాల పేరాలలు ఆ కాలమున గుంటూరుజిల్లాలో చేరియుండెను. అచ్చటి ప్రజలలో చేనేతపనివారు అధికము. రెండు గ్రామములకు కలిపి ఒక యూనియను ఉండి, సంవత్సరమునకు దాదాపు 4,000 రూపాయల పన్ను వసూలు చేయుచుండెను. 1919లో మద్రాసు ప్రభుత్వము యూనియనును తీసివేసి పురపాలక సంఘమును ఏర్పరచినది. దానితో పన్నులు 40,000 రూపాయల వరకు పెరిగినవి. మగ్గముపై నూలుపోగు లెక్కించుకొని బ్రతుకువాని కిది పెనుభారము. అచ్చటి నేల యిసుకనేల. బావులలో మంచినీటికి కొరతలేదు. పురపాలక సంఘము వలన తమకు కలుగు లాభమేమియు లేదని ప్రజలు ప్రభుత్వమునకు విన్నవించుకొనిరి. ఆ విన్నపములు ఫలింపలేదు. అంతట వారు పన్నులు కట్టుట మానిరి. ఆ కారణమున కొందరు చెరసాలకు పోయిరి. వారిలో ఒక స్త్రీయు నుండెను.

ఈ యుద్యమమునకు గోపాలకృష్ణయ్యగారు నాయకులైరి. పట్టణములోని యువకులను చేర్చి రామదండు అను స్వచ్ఛంద సేవకుల దళమును కూర్చిరి. శ్రీరాముని కార్యమునకు వానరులు కదలినట్లు, దేశకార్యమునకు వీరు కదలవలెనని ఆ పేరులోని భావము. రామదండువారు కాషాయవస్త్రములు ధరించి, నొసట కుంకుమబొట్టు పెట్టుకొని, రామనామ కీర్తనలు పాడుచు బారులుతీరి నడచెడివారు. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు సంఘ సమావేశము జరిగినపుడు, గాంధీమహాత్ముని చూడవచ్చిన జనప్రవాహమును అదుపులో నుంచి, యాత్రికులకు తోడ్పడిన ఘనత రామదండునకు దక్కినది. వారి చేత కఱ్ఱకంటె నోట పాటయే యెక్కువ పని చేసినది.

ఆ సమావేశము ముగిసిన కొలది దినములకు గాంధీజీ చీరాల వచ్చిరి. ప్రజల కష్టమును విని వారికి రెండు మార్గములు సూచించిరి. హింసకు దిగక పన్నులను నిరాకరించి, అందువలన వచ్చు శిక్షలను ఓర్పుతో ననుభవించుట ఒకటి. ఊరినే విడిచి పురపాలక సంఘపు హద్దులు దాటిపోవుట రెండవది. పట్టణమున ఇల్లే లేనివానిపై పట్టణపు పన్ను వేయుట యెట్లు? ఈ రెండవ మార్గము కఠినమైనది. దానికి కాంగ్రెసు సహాయము లభించునని యెదురుచూడరాదనియు, ప్రజలు తమ బలముపైననే ఆధారపడవలెననియు గాంధీజీ ముందుగనే హెచ్చరించిరి.

చీరాల పేరాల ప్రజలు ఆ కఠినమార్గమునే యెన్నుకొనిరి. 1921 ఏప్రిల్ మాసాంతమునుండి వలస ఆరంభమైనది. రెండుగ్రామముల జనాభా 15,000 పైచిలుకు. వారిలో సుమారు 13,000 మంది ఇండ్లు విడిచిరి. మగ్గములను విప్పి బండ్లపై వేసికొనిరి. ధాన్యపు బస్తాలు, దేవుని పటములు, పసిబిడ్డల ఊయలలు, ముసలివారి మంచములు వీధుల వెంట కదలినవి. పొలిమేర వెలుపల ఇసుకనేలపై పాకలు లేచినవి. ఆ పాకల యూరికి వారు పెట్టుకొన్న పేరు రామనగరము.

ఈ పేరును గురించి కొంత ఆలోచింపవలెను. తండ్రిమాట నిలుపుటకు రాముడు అయోధ్యను విడిచి అడవికి పోయిన కథను ఆ ప్రజలు ఎన్నియో రాత్రులు తెరపై చూచియుండిరి. నారచీరలు కట్టిన సీతను, పర్ణశాల నిర్మించిన లక్ష్మణుని, గంగ దాటించిన గుహుని వారు బాగుగా నెరుగుదురు. కనుక ఇల్లు విడుచుట వారికి కేవలము అవమానముగా తోపలేదు. మాటకొరకు ఇల్లు విడుచుట రాముడు నడచిన బాటయే యని వారు నమ్మిరి. పన్నుల లెక్క మాత్రమే చెప్పియున్నచో 13,000 మంది కదలియుందురా? వారిని కదలించినది వారి కన్నులలో నిలిచిన కథ. వీధియాటలను పామరుల వినోదములని తలచినవారికి ఆ బలము కనబడలేదు; గోపాలకృష్ణయ్యగారికి కనబడినది.

రామనగర జీవనము సుఖమైనది కాదు. వలస వచ్చినది నడివేసవిలో. కాలిన యిసుకపై నడువలేక పిల్లలు ఏడ్చిరి. తరువాత వానలు వచ్చినవి, పాకలు కురిసినవి, మగ్గపు గుంటలలో నీరు నిలిచినది. నేత సాగని దినమున నేతగానికి కూడు లేదు. ఎదుటనే, కొలది దూరములో, తాళము వేసిన తమ యిల్లు కనబడుచుండును. పన్ను కట్టిన చాలును, రాత్రికి గోడల నడుమ నిద్రింపవచ్చును. అట్టి స్థితిలో నిలుచుట యుద్ధరంగమున నిలుచుటకంటె తక్కువ ధైర్యము కాదు.

ఇంతేకాక, ఇల్లు విడిచినవారిలో అందరును ఒక్క తీరువారు కారు. నేతగాడుండెను, వర్తకుడుండెను, కూలివాడుండెను, పండితుడుండెను. పూర్వము వేరువేరు వీధుల నున్నవారు ఇపుడు పాక ప్రక్క పాకలో నున్నారు. ఇట్టిచోట కలహములు పుట్టుట సహజము. వారిని గోపాలకృష్ణయ్యగారు అధికారముతో పాలింపలేదు. తగవులు పెద్దలే తీర్చుకొను ఏర్పాటు చేసిరి. రామదండు కాపలా కాచెను, అవసరమున్నవారికి సాయపడెను. ఆ దళము పాడుచు పోవునపుడు ఏ పాకలోనివాడైనను గొంతు కలుపవచ్చును. కీర్తనకు కులము లేదు, పల్లవి పాడుటకు ఆస్తి యక్కరలేదు. నాయకుడు స్వయముగా పాడగలవాడు, నవ్వింపగలవాడు. కంటతడితో నున్నవారి నడుమకు ఆయన వచ్చినపుడు భారము కొంత తగ్గెడిదని నాటివారు తలచుకొనుచుండిరి.

రామనగరపు కీర్తి దేశమంతట వ్యాపించినది. గాంధీజీ తన యంగ్ ఇండియా పత్రికలో చీరాల పేరాల ప్రజల త్యాగమును కొనియాడిరి. ఐనను పొగడ్తలతో కడుపు నిండదు. రామనగరవాసులకు ధనము కూర్చుటకై గోపాలకృష్ణయ్యగారు ఊరూర తిరుగవలసివచ్చినది. ఆ సందర్భమున ఆయన గంజాముజిల్లాలోని బరంపురమునకు పోగా, అచ్చట ఉపన్యసింపరాదని ప్రభుత్వము నిషేధాజ్ఞ జారీచేసినది. ఆయన ఆ యాజ్ఞను ధిక్కరించిరి. ప్రభుత్వము ఆయనకు ఒక సంవత్సరము శిక్ష విధించి తిరుచిరాపల్లి చెరసాలకు పంపినది.

నాయకుడు లేని రామనగరము తత్తరపడినది; అయినను వెంటనే చెదరలేదు. ప్రజలు మరికొన్ని నెలలు ఓర్చిరి. 1922 ఫిబ్రవరిలో చౌరీచౌరా సంఘటనానంతరము గాంధీజీ దేశమంతట సత్యాగ్రహమును నిలిపివేసిరి. సహాయము సన్నగిల్లినది, పనులు లేవు, అధికారుల ఒత్తిడి పెరిగినది. పదునొకండు నెలల వనవాసానంతరము ప్రజలు ఒక్కొక్కరుగా తమ యిండ్లకు మరలిరి. పురపాలక సంఘము నిలిచినది, పన్నులును నిలిచినవి.

ఇది యోటమియే యని ఒప్పుకొనక తప్పదు. కాని యా పదునొకండు నెలలలో 13,000 మంది నిరాయుధులై, ఆకలికి, ఎండకు, వానకు ఓర్చి, కలసి నిలిచిరి. తరువాత బార్డోలీ మొదలగు ప్రదేశములలో జరిగిన పన్ను నిరాకరణోద్యమములకు చాల ముందే ఆంధ్రదేశపు నేతగాండ్రు ఆ మార్గమున నడచిరి. పన్నుల లెక్కలలో ఓడినవారు మానవధర్మమున ఓడలేదు.

చెరసాలనుండి విడుదలయైన పిదప గోపాలకృష్ణయ్యగారు దేశసేవను మానలేదు, కళాసేవను మానలేదు. కాని ఉన్నదంతయు ప్రజాకార్యమునకే వ్యయమైనది. ఎడింబరోలో పట్టము పొందిన పండితుడు బీదతనముతో దినములు గడిపెను. దానికితోడు క్షయవ్యాధి సోకినది. 1928వ సంవత్సరము జూన్ 10వ తేదీన, తన 39వ యేట, ఆయన కన్నుమూసిరి. ప్రజలు ప్రేమతో ఇచ్చిన ఆంధ్రరత్న బిరుదమే ఆయన విడిచిన ఆస్తి. విజయవాడలోని ఆంధ్రరత్న భవనము ఆయన పేరనే వెలసినది. చీరాల పేరాలలు పలుమార్లు జిల్లాలు మారి, 2022లో బాపట్లజిల్లాలో చేరినవి. కాని ఆ యూళ్ళ పేరు చెప్పినంతనే నేటికిని ఆయన పేరు స్ఫురించును.

గోపాలకృష్ణయ్యగారి జీవితము మనకు బోధించునది యేమి? ఇల్లు విడిచినవారికి అన్నమును, నీడయు ముందుగా కావలెను. ఇందు సందేహము లేదు. కాని అంతటితో చాలదు. తాము ఒంటరివారము కామను ధైర్యము కూడ కావలెను. అది ఒకరు దానముగా ఇచ్చునది కాదు. కలసి పాడిన పాటలో, కలసి చూచిన ఆటలో పుట్టునది. కొల్లేటి లంకలనుండి వరదబాధితులు ఏ దినముననో మన యూరి బడికి చేరవచ్చును. అపుడు వారికి అన్నము పెట్టుటతో మన పని తీరినదని తలపరాదు. వారి ప్రక్కన చాపపై కూర్చుండి, వారి పాట మనమును, మన పాట వారును పాడవలెను. పరాయివాడు అతిథియై, అతిథి ఇరుగుపొరుగువాడగుట అపుడే ఆరంభమగును.